ఓడరేవు ముందు బూడిద రంగు

తను ఎక్కాల్సిన ఓడ మంచులో ఇరుక్కుపోయిందట అని మా తోడల్లుడు చెప్పగానే నేను గోడ మీదున్న క్యాలెండరు వంక చూశాను. ఏప్రిల్ మూడో వారం. కువైట్‌లో అప్పటికే మధ్యాహ్నం పూట స్టీరింగు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది.

"ఎవరన్నారు?" అని అడిగాను.

"ఏజెంటుగారేనండి. మిర్కాబ్‌లో ఆయన."

"ఇంకెవరన్నారు?"

"ఇంకెవరంటారండీ అన్నయ్యా? ఓడ సంగతి ఓడోళ్ళకి కాక ఎవరికి తెలుత్తాది?"

ఆ రోజు శుక్రవారం. బ్నీద్ అల్ గార్‌లోని మా గదిలో స్టౌ ముందు నిలబడి తను చేప ముక్కలకి కారం పట్టిస్తున్నాడు. నేను సల్వాలో ఒక ఇంట్లో డ్రైవర్ని. మా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త, అదే సల్వాలో రెండు వీధుల అవతల మరో ఇంట్లో వంటవాడు. ఇద్దరిదీ కోనసీమే. వారమంతా యజమానుల ఇళ్ళలోనే పడుకుంటాం. శుక్రవారం పొద్దున్న మాత్రం ఈ గదికి వచ్చి, మన కూర మనం వండుకుని, సాయంత్రానికి తిరిగి వెళ్ళిపోతాం. గది అసలు మనిషి జగిత్యాల నుంచి వచ్చిన ఒక తాపీ మేస్త్రీ. ఆయన మంచం మీద పడుకుని ఫోను చూసుకుంటూ మా మాటలు వింటున్నాడు.

తోడల్లుడు కువైట్ రాకముందు తొమ్మిదేళ్ళు సరుకు ఓడల మీద వంట చేశాడు. అన్నీ సింగపూర్, కొలంబో లాంటి వెచ్చటి రేవులే. ఇంట్లో ఇబ్బంది వచ్చి ఓడ దిగాడు, తర్వాత ఎలాగో ఇక్కడి ఇంటి వంటగదిలో పడ్డాడు. ఓడ మీద తనని చీఫ్ కుక్ అనేవారనీ, కెప్టెన్ అంతటివాడు కూడా వంటగది తలుపు తట్టి లోపలికి వచ్చేవాడనీ చెబుతుంటాడు. ఇక్కడ పాలకూరలో ఎంత ఉప్పు వెయ్యాలో కూడా మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, పక్కన నిలబడి చెబుతుంది. మళ్ళీ ఓడ ఎక్కాలన్నది అతని కోరిక. దానికి గడువు కూడా దగ్గర పడింది. ఆ ఏడాది దాటితే ఓడ పని కాగితాలు చెల్లవు. ట్రైనింగులు, పరీక్షలు అన్నీ మొదటి నుంచీ మొదలెట్టాలి. నలభై నాలుగేళ్ళ మనిషికి అది అయ్యే పని కాదు.

అలాంటి సమయంలో మిర్కాబ్ ఏజెంటు ఒక చిన్న ఓడ చూపించాడు. స్వీడన్‌కీ ఫిన్లాండ్‌కీ మధ్యనున్న సముద్రంలో, బాగా ఉత్తరాన, ఒక చిన్న రేవులో కలప ఎక్కించుకుని ఉందట. అక్కణ్ణించి బయటపడి దక్షిణాన ఇంకో రేవుకి చేరితే అక్కడ పాత వంటవాడు దిగిపోతాడు, మనవాడు ఎక్కుతాడు. చిక్కల్లా ఇఖామాతో, అంటే ఇక్కడ ఉండడానికిచ్చే అనుమతితో, వచ్చింది. అది నెలాఖరుకి అయిపోతుంది. మామా ఇంట్లో వచ్చే నెలలో కూతురి పెళ్ళి. ఉంటావో పోతావో గురువారంలోగా చెప్పమంది. ఉంటానంటే ఇఖామా ఇంకో ఏడాదికి చేయిస్తుంది, ఇక మధ్యలో కదలడానికి లేదు. పోతానంటే రద్దు చేయించి పాస్‌పోర్టు చేతిలో పెడుతుంది. ఇప్పుడే రద్దు చేయించుకుని సిద్ధంగా ఉండమని ఏజెంటు అంటున్నాడు. రద్దయ్యాక ఓడ అబద్ధమని తేలితే తోడల్లుడికి ఇక్కడా చోటుండదు, అక్కడా ఉండదు.

"ఏందన్నా గిది?" అని మేస్త్రీ లేచి కూర్చున్నాడు. "సముద్రం గడ్డకడ్తదా? ఉప్పునీళ్ళు గడ్డకట్టుడు నేనెన్నడు ఇనలే."

"కడుతుంది. మంచినీళ్ళకంటే ఇంకాస్త చలి కావాలి, అంతే. మొదట్లో నీళ్ళ మీద నూనె తెట్టు కట్టినట్టు ఉంటుంది. ఆ తర్వాత అలలకి ముక్కలై, గుండ్రంగా, అంచులు పైకి లేచి, అట్లలాగా తేలుతుంది. చివరికి ఆ అట్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని పలక కడతాయి," అన్నాను.

"అట్లా! సముద్రంల అట్లు పోసెటోడెవ్వడే? అయితే గందుకే పిలుస్తున్నరు మన వంటాయనను."

తోడల్లుడు కూడా నవ్వాడు కాని, చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "అన్నయ్యా, మీరు ఇయన్నీ సదివినోరు గదా. ఓపాలి చూడండి. మీరు వెళ్ళమంటే వెళ్తాను, ఉండమంటే ఉంటాను. ఆయ్."

చూస్తానన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు కలిగిన గర్వం ఇప్పటికీ గుర్తుంది.

నేను పదో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత నాకు వచ్చిన చదువంతా లైబ్రరీల్లోనిదే. మా ఊరి శాఖా గ్రంథాలయంలో రెండు బీరువాలుండేవి, రెండూ పూర్తి చేశాను. కువైట్ వచ్చాక యజమాని ఇంట్లోని అమ్మాయిని ట్యూషన్‌కి దింపి, మళ్ళీ ఎక్కించుకునేదాకా రెండు గంటలు కార్లో కూర్చోవాల్సి వచ్చేది. ఆ పక్క వీధిలోనే ప్రభుత్వ లైబ్రరీ ఒకటి కనిపించింది. మొదటి రోజు ఏసీ కోసం వెళ్ళాను. రెండో రోజు నుంచి పుస్తకాల కోసం వెళ్ళాను. అక్కడి లైబ్రేరియన్ ఈజిప్టు మనిషి, నేను ఉస్తాద్ అని పిలుస్తాను. నెమ్మదిగా, విడివిడిగా ఇంగ్లీషు మాట్లాడతాడు. డ్రైవరువి, నీకేం పని అని ఆయన ఒక్కనాడూ అడగలేదు. ఇంగ్లీషు అలమరలో ధ్రువ సముద్రాల గురించి లావుపాటి పుస్తకం ఒకటి ఉండేది. బయట యాభై డిగ్రీల ఎండ కాస్తుంటే నేను ఆ పుస్తకం ఒక వేసవంతా చదివాను. నోటు పుస్తకంలో తెలుగు పేర్లు పెట్టుకుని రాసుకున్నాను: నూనె మంచు, అట్ల మంచు, ఒడ్డుని పట్టుకుని కదలకుండా ఉండేదానికి గట్టుమంచు. మబ్బుల్లోంచి కూడా చూడగలిగే రాడార్లు ఉపగ్రహాల్లో ఉంటాయనీ, ఆ బొమ్మలు ముందు పెట్టుకుని మనుషులు రోజూ కూర్చుని మంచు ఎక్కడిదాకా ఉందో గీతలు గీస్తారనీ, ఆ పటాలు ఎవరైనా చూడొచ్చనీ తెలిసింది. ఉస్తాద్ కంప్యూటర్లో నాకు ఒకటి రెండు తెరిచి చూపించాడు కూడా. ఎరుపు ఉంటే నిండా మంచు, పసుపు ఉంటే సగం, నీలం అంటే నీళ్ళు. ఇక చాలు, అర్థమైపోయింది అనుకున్నాను.

నాకు అనుమానం ఎక్కువని మా ఆవిడ అంటుంది. కాదనను. స్టోర్‌కీపర్ ఉద్యోగం అని ఒక ఏజెంటు చెబితే నమ్మి ఈ దేశం వచ్చాను. దిగిన రోజే చేతిలో కారు తాళాలు పెట్టారు. అప్పట్నుంచి ఒక మనిషి చెప్పినదాన్ని ఒక మనిషి మాటగానే ఉంచుతాను, రెండో సాక్షి దొరికేదాకా నమ్మను. ఆ రెండో సాక్షి నాకు ఎప్పుడూ పుస్తకమే.

సోమవారం మా యజమాని ఇంటి పెద్దాయన్ని మిర్కాబ్‌లో ఆయన దిష్‌దాషాలు కుట్టే దర్జీ దగ్గర దింపాను. నలభై నిమిషాల వ్యవధి దొరికింది. ఏజెంటు ఆఫీసు పక్క సందులో, మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. మెట్లెక్కుతూనే అనుమానాల లెక్క మొదలుపెట్టాను. తలుపు మీద బోర్డు లేదు, కాగితం అంటించి ఉంది. లోపల ఒక బల్ల, రెండు ఫోన్లు, ఒక్క ఫైలు కూడా లేదు. గోడకి పెద్ద ఓడ ఫొటో, ఓడ వెనక కొబ్బరిచెట్లు. మంచు సముద్రాలకి మనుషుల్ని పంపేవాడికి కొబ్బరిచెట్లతో పనేమిటి?

ఏజెంటు హైదరాబాద్ పాతబస్తీ మనిషి, అరవై దాటి ఉంటాయి. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి ఉన్నాయి. నేను ఎవరో చెప్పాను.

"అచ్ఛా, వంటాయన తోడల్లుడా! కూర్చోండి భాయ్. చాయ్ తాగుతరా?"

"ఓడ ఎక్కడుంది?"

"చెప్పిన గద ఆయనకి. బరఫ్‌ల ఫసిపోయింది."

"ఏ రకం మంచు?"

ఆయన కళ్ళద్దాలు కిందికి దించుకుని నన్ను చూశాడు. "రకమేంది భాయ్? బరఫ్ అంటే బరఫ్. మీ ఫ్రిజ్‌ల ఉంటది చూడు, అది."

"తేలే మంచా, ఒడ్డుకి అతుక్కున్న మంచా? దారి చేసే ఐస్‌బ్రేకర్ రాలేదా?"

"మీరు జహాజ్‌ల పనిచేసిన్రా?"

"లేదు. చదువుకున్నాను."

"ఓహో," అన్నాడు. ఆ ఓహో నాకు నచ్చలేదు.

ఫోను తీసి ఫొటో చూపించాడు. ఓడ ముక్కు, దాని చుట్టూ తెలుపు. దూరంగా చెట్ల వరుస, నల్లగా. కెప్టెన్ పంపాడట. ఫొటో మీద తేదీ లేదు. ఏ సంవత్సరందైనా కావచ్చు, ఏ ఓడదైనా కావచ్చు.

"చిన్న జహాజ్ భాయ్. దాని బాడీ బరఫ్‌కి గట్టిది కాదు. బరఫ్ కొట్టే జహాజ్ పెద్దోళ్ళకి ముందు దారి ఇస్తది, వీళ్ళ నంబర్ తర్వాత. పది దినాలు, పన్నెండు దినాలు."

"కాంట్రాక్టు కాగితం ఏది?"

"జహాజ్ బయటపడ్డంక కంపెనీ పంపుతది."

"కాగితం రాకుండా ఇఖామా ఎందుకు రద్దు చేయించుకోవాలి?"

"ఫోన్ వచ్చినంక రెండు దినాల్ల ఎగరాలె. ఆ టైముల మీ మామా పాస్‌పోర్ట్ ఇస్తదా? ఇంట్ల పెళ్ళి పెట్టుకున్నది. మీరే చెప్పున్రి."

తప్పుపట్టడానికి లేని జవాబు. అందుకే అది నాకు మరీ అనుమానంగా తోచింది. అడగబోయే ప్రశ్నకి జవాబు ముందే సిద్ధం చేసుకున్న మనిషిలా కనిపించాడు. రేవు పేరు కాగితం మీద రాయించుకున్నాను. రాసేటప్పుడు చెయ్యి తడబడుతుందేమోనని చూశాను. తడబడలేదు. చాయ్ తాగకుండా మెట్లు దిగాను.

మంగళవారం లైబ్రరీలో ఉస్తాద్‌ని అడిగి ఆ సముద్రపు మంచు పటం పెద్ద కంప్యూటర్లో తెరిపించాను. రేవు పేరు వెతకడానికి కొంతసేపు పట్టింది. దొరికింది. సముద్రం నడిమధ్యన ఎర్రటి మరకలు, నారింజ రంగు మరకలు ఉన్నాయి గాని, అవన్నీ గాలికి అవతలి ఒడ్డువైపు కొట్టుకుపోయి ఉన్నాయి. మన రేవు వైపంతా నీలం. శుభ్రమైన నీలం. ఒడ్డు వెంబడి మాత్రం లేత గోధుమరంగు నేలకీ నీలానికీ మధ్య బూడిద రంగు పట్టీ ఒకటి ఉంది, మధ్య మధ్యలో చిన్న చిన్న దీవులతో.

ఆ పట్టీ ఏమిటో నాకు క్షణంలో అర్థమైంది. మా ఊళ్ళో పుట్టినవాడెవడికైనా అర్థమవుతుంది. గోదావరి పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర, నేల కాని నేల, నీరు కాని నీరు ఒకటి ఉంటుంది. పర్ర అంటాం. ఆటుకి తేలుతుంది, పోటుకి మునుగుతుంది, బూడిద రంగు బురద, మధ్యలో లంకలు. కువైట్‌లో కూడా సులైబిఖాత్ వైపు వెళితే అలాంటిదే, అదే రంగులో, కొంగలు దిగి ఉంటాయి. నేను చూసిన రెండు తీరాలూ అలాగే ఉంటే మూడోది ఎందుకు ఉండదు? బురదలో కాలువ తవ్వి ఓడల్ని రేవుకి తెస్తారు, కాకినాడలో చేసినట్టే. కాలువ అంత సన్నటి గీత పటంలో కనిపించదు.

"రంగుల పట్టిక రెండో పేజీలో ఉంది. తియ్యనా?" అని ఉస్తాద్ అడిగాడు.

"అక్కర్లేదు ఉస్తాద్. రంగులు నాకు తెలుసు," అన్నాను.

తెరని ఫోనుతో ఫొటో తీసుకున్నాను. తేదీ కూడా పడేలా జాగ్రత్తగా తీశాను. ఏజెంటు ఫొటోకి లేనిది నా ఫొటోకి ఉండాలని.

సాయంత్రం సల్వాలో మా వీధి చివర బకాలా కొట్టు దగ్గర తోడల్లుణ్ణి కలిశాను. మామా కొత్తిమీరకి పంపిందట, చేతిలో రెండు కట్టలున్నాయి. ఫోను అతనికిచ్చి పటం చూపించాను.

"ఇదిగో మీ రేవు. ముందంతా నీళ్ళు. మంచు ఎక్కడుంది? అవతల ఉంది. ఓడ ఇరుక్కోవడానికి కారణమే లేదు. ఓడైనా లేకపోవాలి, ఆయనైనా అబద్ధం చెబుతూ ఉండాలి."

తను చాలాసేపు చూశాడు. కొత్తిమీర పట్టుకున్న చేతి వేలితోనే ఆ పట్టీ మీద తాకాడు. "ఇదేంటండీ మరి?"

"పర్ర. మన మొగ దగ్గర లేదూ?"

"ఇంత ఎడల్పా?"

"అక్కడ నదులు ఎక్కువ దిగుతాయి తమ్ముడూ."

"మరి ఆ ఫొటో అండి? కెప్టెన్‌గారిది?"

"ఫొటోలకేం, ఎన్నైనా దొరుకుతాయి. దాని మీద తేదీ ఉందా? దీని మీద ఉంది చూడు."

"ఆయ్. అలాగైతే సరేనండి." ఫోను తిరిగిచ్చి, షర్టు అంచుతో దాని మీది కొత్తిమీర తడి తుడవబోయాడు, అప్పటికే నేను తీసేసుకున్నాను. "మీరు చూశాక ఇంకేటుంది."

బుధవారం పొద్దున్నే మామాకి ఉంటానని చెప్పాడు. గురువారానికి కాగితాలు వెళ్ళిపోయాయి. ఖలాస్ అందట ఆవిడ, పెళ్ళి వంటకి ఇంకో ఇద్దరు మనుషుల్ని తోడిస్తానని కూడా అందట. ఏజెంటు రెండుసార్లు ఫోను చేస్తే తోడల్లుడు ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, రావడం లేదని చెప్పాడు. మీ ఇష్టం భాయ్, అని ఆయన పెట్టేశాడట. గొడవ పడలేదు, బతిమాలలేదు. దొరికిపోయాడు కాబట్టే అంత సులువుగా వదిలేశాడని శుక్రవారం గదిలో నేను వివరించాను.

"పంతులన్నా, నువ్వు పోలీసుల ఉండాల్సినోనివి," అన్నాడు మేస్త్రీ.

ఆ తర్వాత కూడా పటం చూడడం మానలేదు. లైబ్రరీకి వెళ్ళిన ప్రతిసారీ మొదట అదే తెరిచేవాణ్ణి. నేను చెప్పింది నిజమని మళ్ళీ మళ్ళీ చూసుకోవడం బాగుండేది. నీలం నీలంగానే ఉంది. ఓడ బయటికి రావడానికి అడ్డమేమీ లేదు. ఏజెంటు మీద నా కేసు రోజురోజుకీ గట్టిపడుతోంది.

వారం గడిచాక ఒక రోజు బూడిద రంగు పట్టీ బయటి అంచు కొరికినట్టు కనిపించింది. ఆ రోజు పటం గీసినవాళ్ళెవరో కొత్తవాళ్ళు అనుకున్నాను. రెండు రోజుల తర్వాత పట్టీలో చీలిక వచ్చింది, ఒక ముక్క విడిపోయి నీలంలో పసుపు మరకగా తేలుతోంది. పోటు మీద ఉన్నప్పుడు గీసి ఉంటారు, పర్ర కొంత మునిగి ఉంటుంది అనుకున్నాను. కార్లో కూర్చున్నాక ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆ లావుపాటి పుస్తకంలోనే చదివాను, నోటు పుస్తకంలో రాసుకున్నాను కూడా. ఆ సముద్రానికి ఆటుపోట్లు దాదాపు లేవు.

ఆటూ పోటూ లేనిచోట పర్ర ఎక్కడిది?

మర్నాడు పెద్దాయన్ని ఆసుపత్రికి తీసుకువెళ్తూ సులైబిఖాత్ పక్కనుంచి వెళ్ళాను. ఆటు సమయం. బూడిద రంగు బురద మైళ్ళ పొడవునా తేలి ఉంది. ఏళ్ళ తరబడి చూస్తున్నాను, అంతే ఉంది. దాన్ని ఎవరూ కొరకలేదు. అందులోంచి ముక్క విడిపోయి ఎక్కడికీ వెళ్ళలేదు. వెనక సీట్లోంచి పెద్దాయన, "యల్లా, యల్లా, గ్రీన్ పడింది," అని రెండుసార్లు అనాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం లైబ్రరీలో పటం తెరిచేసరికి పట్టీ దీవుల చుట్టూ చిన్న చిన్న అతుకులుగా మిగిలి ఉంది. రేవు ముందు నీలం నేరుగా నేలని తాకుతోంది.

"ఉస్తాద్, ఆ రెండో పేజీ తియ్యండి," అన్నాను.

ఆయన తీశాడు. అరనిమిషం కూడా పట్టలేదు. వేలు పెట్టి చదివాడు: బూడిద రంగు, ఒడ్డుని పట్టుకుని ఉన్న మంచు. కదలని మంచు.

గట్టుమంచు. ఆ మాట నా చేతిరాతలో నా సంచీలోనే ఉంది. పుస్తకంలో దాని ఫొటో తెల్లగా ఉంది. మంచు అన్నాక తెల్లగానే ఉంటుంది కదా. పటంలో దానికి బూడిద రంగు వేస్తారని నేను అనుకోలేదు. ఆ రోజు రేవు ముందు మైళ్ళ వెడల్పున ఉన్నదంతా ఒకటే పలక, దాని వెనక ఓడ. నేను నీలం చూసి తృప్తిపడ్డాను గాని, ఓడ ఆ నీలం దాకా రావడానికి దారే లేదు. ఏజెంటు చెప్పింది చెప్పినట్టు నిజం.

"నీకేమైనా కావాలా?" అని అడిగాడు ఉస్తాద్. నా ముఖం ఎలా ఉందో మరి. లేదన్నాను.

శుక్రవారం గదికి వెళ్ళేసరికి తోడల్లుడు కింద పేపరు పరుచుకుని చందువా చేపలు శుభ్రం చేస్తున్నాడు. మేస్త్రీ ఉల్లిపాయలు తరుగుతున్నాడు. కూర్చోకుండానే చెప్పేశాను. అది పర్ర కాదు, మంచు, నేను తప్పు చూశాను అని. ఫోను తీసి రంగుల పట్టిక చూపించబోయాను.

తను తల ఎత్తలేదు. "తెలుసండి."

"ఏం తెలుసు?"

"ఓడ సోమవారం బయటికొచ్చేసిందంటండి. ఏజెంటుగారు ఫోను చేశారు. ఇంకో ఆయనెవరో ఎల్లిపోతున్నారంట."

"సోమవారం తెలిస్తే నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు బాధపడతారని." కత్తితో చేప తోక కోసి పక్కన పెట్టాడు. "అన్నయ్యా, ఆ లైబ్రరీ ఆయన్ని ఆ రోజే అడిగుంటే చెప్పేవాడాండి?"

"చెప్పేవాడు."

"మరి అడగలేదేంటండీ?"

"అడక్కుండానే చెప్పబోయాడు. నాకు తెలుసన్నాను."

తను ఇంకో చేప తీసుకున్నాడు. మేస్త్రీ లేచి, స్టౌ ఇంకా వెలిగించకుండానే ఎగ్జాస్ట్ ఫ్యాను వేశాడు.

తర్వాతి వారం పెద్దాయన బట్టలు తీసుకోవడానికి మిర్కాబ్ వెళ్ళినప్పుడు మళ్ళీ ఆ మూడంతస్తులూ ఎక్కాను. ఎందుకెక్కానో నాకే తెలియదు. మాఫీ అడగడానికని అనుకున్నాను, కాని నోటివెంట వచ్చింది వేరు.

"ఆయనకి కాంట్రాక్టు కాగితం వచ్చిందా? వెళ్ళినాయనకి?"

ఏజెంటు నన్ను గుర్తుపట్టాడు. కోపం లేదు. "వచ్చింది. పోయిండు. ఇగో చూడున్రి." ఫోనులో ఫొటో. నారింజ రంగు కోటు వేసుకున్న ఒక మనిషి, ఇనుప తలుపు ముందు నవ్వుతున్నాడు. వెనక వంటగది, పెద్ద పెద్ద గిన్నెలు గోడకి బిగించి ఉన్నాయి. "మీ తోడల్లుడికి పంపమంటరా?"

"వద్దు."

"ఇంకో జహాజ్ ఉంటే చెప్త. కానీ ఆయన కాగితాలు డిసెంబర్ దాకనే గద. ఇఖామా వచ్చే సాల్ దాక ఉన్నది." కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. "ఈసారి బరఫ్ ఉంటే ముందుగల మిమ్మల్నే అడుగుత భాయ్, ఏ రకమో."

చాయ్ తాగాను. తాగుతున్నంతసేపూ బల్ల మీదున్న ఆ ఫోను వంక చూస్తూనే ఉన్నాను. ఆ ఫొటో మీద కూడా తేదీ లేదు. ఆ సంగతిని ఇప్పుడు ఏం చేసుకోవాలో తెలియక మెట్లు దిగాను.

మామా ఇంట్లో పెళ్ళి బాగా జరిగింది. తోడల్లుడి వంట అందరూ మెచ్చుకున్నారట. ఉప్పు డబ్బా ఇప్పుడు తన చేతికే ఇచ్చేసిందట. ఆ సంగతి తను మామూలుగా చెప్పాడు. ఓడ కాగితాలు ఉన్న ప్లాస్టిక్ కవరు ఇదివరకు గదిలో దిండు కింద ఉండేది, ఇప్పుడు ట్రంకుపెట్టె అడుగుకి చేరింది. నేను చూసినట్టు తనకి తెలియదు.

శుక్రవారాలు మామూలుగానే కలుస్తున్నాం. నేను లైబ్రరీకి వెళ్తూనే ఉన్నాను, కొత్త సంగతులు చదివితే గదిలో చెబుతూనే ఉన్నాను. మొన్న చేప వేగుతుంటే, రేపు మధ్యాహ్నం నుంచి దుమ్ము గాలి లేస్తుంది, బయట బట్టలు ఆరెయ్యకండి అన్నాను.

"ఎవరన్నారండీ?" అడిగాడు తోడల్లుడు.

"వాతావరణం వాళ్ళ పటం చూశాను."

తను గరిటెతో ముక్కని జాగ్రత్తగా తిరగేశాడు. తోలు ఎక్కడా చిరగలేదు. ఎగతాళి ఏమీ లేదు గొంతులో, ఎప్పటి మర్యాదే.

"ఇంకెవరన్నారండీ అన్నయ్యా?" అన్నాడు.